లేరని రాసిన దిబ్బ

పోయిన వానాకాలంలో మా ఆఫీసు గోడకు చెమ్మ దిగి కింది అరల్లోని ఫైళ్లన్నీ తడిశాయి. వాటిని విప్పి, కాగితాలు టేబుళ్ల మీద పరిచి ఫ్యాన్లు వేశాం. మధ్యాహ్నానికల్లా గది నిండా తడిసి ఆరుతున్న కాగితం వాసన. కాస్త గంజి వాసన, కాస్త బురద వాసన కలిసినట్టుంటుంది అది. మిగతావాళ్లు ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు. నేను మాత్రం అలాగే నిలబడిపోయాను. కళ్ల ముందు తిరుమలగిరిలోని ఒక పాత వరండా, అందులో అడ్డంగా కట్టిన దండేలు, బట్టల క్లిప్పులతో వాటికి వేలాడదీసిన వందలాది ఫారాలు, వాటి మధ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని తిరుగుతున్న ఒక సన్నటి మనిషి. పాత మనుషులు గుర్తొస్తే మనసు మెత్తబడుతుందంటారు చాలామంది. మార్తా మేడమ్ గుర్తొస్తే నాకు ముందు చిరాకు వస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆవిడ చేసే పని ఏమిటో మా నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. తుఫానో వరదో వచ్చి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు నాలుగైదు స్వచ్ఛంద సంస్థలు కలిసి సాయానికి దిగుతాయి. ఆ సాయం పంపిన దాతలు ఎక్కడో దూరదేశంలో ఉంటారు. అది నిజంగా చేరిందా, ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు, చేరినదానివల్ల ఏం ఒరిగింది అని తెలుసుకోవడానికి, ఆ సంస్థలతో ఏ సంబంధమూ లేని మనిషిని పంపి చూడమంటారు. కాగితాల మీద దాని పేరు స్వతంత్ర మూల్యాంకనం. మేడమ్ మాత్రం "వెళ్లి చూసి రావడం" అనేవారు. చిలకలగూడలో మా నాన్నకు టైలరింగ్ షాపు ఉండేది. ఆయన మిషన్ తొక్కుతూ నేను చెప్పిందంతా విని, "అంటే ఏంది బిడ్డా, వాళ్లు చేసిన పనిల తప్పులు తీస్తవు. తప్పులు తీసెటోళ్లకు ఎవరన్న ఛాయ్ సుత పోస్తరా?" అన్నాడు. ఆ మాటలో చాలా నిజముందని తర్వాత తెలిసింది. కాకపోతే ఎవరైనా ఛాయ్ పోస్తామని వెంటబడినా మేడమే తాగనిచ్చేవారు కాదు.

మార్తా మేడమ్‌ది బందరు వైపు. తండ్రి మిషన్ బడిలో మాస్టారు. ఆవిడ సికింద్రాబాద్ వచ్చి ఒక కాలేజీలో చాలా ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పారు. హాజరు పట్టీలో రానివాళ్లను వచ్చినట్టు వేయమన్న ప్రిన్సిపాల్‌తో పడక ఆ ఉద్యోగం వదిలేసి ఈ పనిలోకి దిగారు. పెళ్లి చేసుకోలేదు. తిరుమలగిరిలో మిలిటరీ క్వార్టర్ల వెనక చిన్న పెంకుటిల్లు, అందులో ముందు గదే ఆఫీసు. ఎమ్మే అయిపోయి ఖాళీగా ఉన్న నా గురించి ఎవరో చెబితే రమ్మన్నారు. పేరడిగారు. అనసూయ అని చెప్పాను. సర్టిఫికెట్లు ముందు పెట్టాను. వాటివైపు చూడలేదు.

"ఇవాళ మీ ఇంటికి నీళ్లు ఎన్నింటికొచ్చాయమ్మా?"

"ఐదున్నరకు మేడమ్."

"నువ్వు చూశావా?"

"లేదు, నేను పడుకుని ఉన్నాను. అమ్మ చెప్పింది."

"అలాగైతే 'ఐదున్నరకు వచ్చాయని అమ్మ చెప్పింది' అనాలి. మళ్లీ చెప్పు."

చెప్పాను. "మీ అమ్మ గడియారం చూసిందా?" అని అడిగారు. పక్కింటావిడ తలుపు కొట్టి లేపిందని చెప్పాల్సి వచ్చింది. అప్పటికి నాకు మెడ వెనక చెమటలు పట్టాయి. ఆవిడ మాత్రం ఎంతో సంతృప్తిగా తలూపి, "రేపు పొద్దున తొమ్మిదింటికి రా" అన్నారు. రోడ్డు మీదికి వచ్చాక ఉద్యోగం దొరికిందన్న సంతోషం కంటే ఈ మనిషితో ఎలా వేగాలిరా దేవుడా అన్న దిగులే ఎక్కువైంది.

నేను చేరిన రెండో నెలలో వచ్చింది ఆ పెద్ద పని. అంతకు ముందటేడు తుఫానుకు దెబ్బతిన్న కోస్తా ఊళ్లలో ఐదు సంస్థలు కలిసి సహాయ కార్యక్రమం నడుపుతున్నాయి. ఐదింటికీ కలిపి నేరేడ్‌మెట్‌లో ఒక ఉమ్మడి ఆఫీసు. దాన్ని చూసుకునేది సుధాకర్ గారు. ఇక్కడివాడే, నలభై ఏళ్లుంటాయి, ఎప్పుడూ రెండు ఫోన్లు మోగుతున్న మనిషిలా కంగారుగా ఉండేవాడు. చెడ్డవాడు కాదు. ఐదుగురు యజమానులున్న మనిషి ఎలా ఉంటాడో అలా ఉండేవాడు. ఐదు సంస్థల పెద్దలతో మొదటి మీటింగు రెండు గంటలు జరిగింది. అందులో గంటన్నర మేం రాయబోయే రిపోర్టు అట్ట మీద ఐదు సంస్థల ముద్రల్లో ఏది ముందుండాలన్న దాని మీదే నడిచింది. అక్షరక్రమంలో వేద్దామన్నారు ఒకరు. తెలుగు అక్షరాలా, ఇంగ్లీషు అక్షరాలా అన్నారు ఇంకొకరు. గుండ్రంగా వేస్తే ఎవరూ ముందూ వెనకా ఉండరని మూడో ఆయన. మేడమ్ ఆ గంటన్నరా గోడ మీది పటం ముందు నిలబడి ఉన్నారు. ఊళ్లన్నీ ఐదు రంగుల్లో పంచుకున్న పటం అది.

"ఈ రంగులు కలిసేచోట ఎవరుంటారండీ?" అన్నారు హఠాత్తుగా.

"కలిసేకాడ ఎవరుంటరు మేడమ్? బార్డర్ అది" అన్నాడు సుధాకర్ గారు.

"అక్కడ ఊళ్లుండవా?"

"ఉంటే ఎవరో ఒకరి కిందికి వస్తయి కదా."

"ఎవరి కిందికి?"

సుధాకర్ గారు ఐదుగురి వంకా చూశాడు. ఐదుగురూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. "జెర చూసి చెప్తం మేడమ్" అన్నాడు. మేడమ్ నోటుబుక్కు తీసి 'చూసి చెబుతామన్నారు' అని రాసుకున్నారు. పక్కన కూర్చున్న నాకు, ఇంత పెద్ద కార్యక్రమం వదిలేసి ఈవిడ గీతల మీద పడిందేమిటా అని తల కొట్టుకోవాలనిపించింది.

కోస్తాకు వెళ్లాక నా చిరాకు రెండింతలైంది. సంస్థలవాళ్లు మాకోసం జీపు పెడితే వద్దన్నారు. "వాళ్ల జీపులో దిగితే మనల్ని కూడా వాళ్లే అనుకుంటారు" అన్నారు. దాంతో పల్లెవెలుగు బస్సులు, దిగాక నడకలు, పాయలు దాటడానికి నాటు పడవలు. సంస్థలవాళ్ల భోజనం వద్దు, వాళ్ల గెస్ట్‌హౌసు వద్దు. ఫారాలన్నీ పెన్సిలుతోనే నింపాలని ఇంకో నియమం. పెన్ను ఉండగా ఈ చెక్కుకోవడం ఏమిటని విసుక్కుంటే, "గాలిలో ఉప్పుంది, పడవల్లో నీళ్లున్నాయి" అని ఊరుకున్నారు. ఊళ్లు చూపించడానికి కోటేశ్వరరావు అని స్థానిక కార్యకర్త ఒకాయన వచ్చేవాడు. మర్యాదస్తుడు. ఎండలో నా బ్యాగు కూడా తనే మోసేవాడు. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి నేను నింపిన ఫారాలను మూడో రోజు సాయంత్రం మేడమ్ ముందు దొంతిగా పెట్టాను. ఇప్పుడన్నా బాగుందంటారనుకున్నాను. ఆవిడ పది ఫారాలు తిరగేసి కళ్లజోడు నుదుటి మీదికి తోశారు.

"ఇంతమంది ఆడవాళ్లు కదా అనసూయా. అందరూ 'అంతా బాగానే ఉందండి' అని ఒక్కటే మాట ఎలా అన్నారు?"

"అన్నారు మేడమ్. అన్నదే రాశాను."

"అడిగేటప్పుడు నీ వెనక ఎవరు నిలబడ్డారు?"

"కోటేశ్వరరావు గారు."

ఆవిడ పెన్సిలు తీశారు. ఒక్కొక్క ఫారం మీదా అడ్డంగా గీత కొట్టుకుంటూ పోయారు. మూడు రోజుల నా పని. నేను మేం బస చేసిన బడి వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఆ ఏడుపులో దుఃఖం కంటే కసి ఎక్కువ. మర్నాడు మళ్లీ అవే ఇళ్లకు, ఈసారి ఒక్కదాన్నే వెళ్లాను. నిన్న అంతా బాగుందన్న ఒక ముసలావిడ నన్ను లోపలికి తీసుకెళ్లి మూల చూపించింది. ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టిన ప్లాస్టిక్ బకెట్లు, పైకప్పు దాకా. ఐదు సంస్థలూ విడివిడిగా పంచినవి. "ఇన్ని బకెట్లు ఇచ్చారమ్మా, దేవుడు వాళ్లను చల్లగా చూడాలి. వీటిలో పోసుకోడానికి మంచినీళ్లు ఎవరిస్తారో ఆ మాట కూడా రాసుకో" అంది. తుఫాను నాడు సముద్రం ఎక్కి బావులన్నీ ఉప్పైపోయాయి. కొత్తగా వేసిన చేతిపంపుల్లోనూ ఉప్పునీళ్లే. ఐదు సంస్థల రిపోర్టుల్లోనూ మాత్రం పంపులు వేసినట్టు, నీళ్లు ఇచ్చినట్టు ఉంది. మేడమ్ చెప్పిందే నిజమైంది. అందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మాకు ఇచ్చిన ఊళ్ల జాబితాలో లేకపోయినా, ఆ పటంలో రంగులు కలిసేచోట ఉన్నవాటిని మేడమ్ తనే ఒక కాగితం మీద రాసుకొచ్చారు. అందులో ఒకటి పాయ అవతలి దిబ్బ. దానికి పేరు కూడా లేదు, అవతలి దిబ్బ అనే అంటారు. ఒకరోజు మేడమ్ వేరే ఊరికి వెళుతూ దాన్ని నాకు అప్పజెప్పారు. ఆ పొద్దు నాకు ఒళ్లు కాలుతోంది. రేవు దగ్గరికి వెళ్లేసరికి పాయ ఆటు మీద ఉంది, నీళ్లు బాగా తీసిపోయాయి. పడవ సగం దాకే పోతుంది, తర్వాత మోకాలి లోతు బురదలో నడవాలి అన్నాడు పడవవాడు. కోటేశ్వరరావు అక్కడే ఉన్నాడు. "ఎందుకండీ అంత అవస్థ? అక్కడ ఎవరూ లేరు. తుఫానుకి గుడిసెలు పోయాక అందరూ లేచి వెళ్లిపోయారు" అన్నాడు. నేను పాయ అవతలికి చూశాను. ఎండలో మడచెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. రేవు మెట్ల మీదే కూర్చుని ఫారం తీసి, 'ఎవరూ లేరు, వలస వెళ్లారు' అని రాశాను. ఎవరో చెప్పారని కూడా రాయలేదు. చూసినట్టే రాశాను.

తిరుగు ప్రయాణం నాడు చివరి పాయ దాటి దిగేటప్పుడు పడవ ఊగి మేడమ్ కాలు జారింది. ఆవిడను పట్టుకోబోయి నేను ఫారాల సంచీ నీళ్లలో వదిలేశాను. పడవవాడు గెడతో దాన్ని లాగేసరికి అంతా నానిపోయింది. పెన్సిలు రాత కాబట్టి ఒక్క అక్షరం చెదరలేదు. ఆ విషయం ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. ఎత్తిచూపి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. తిరుమలగిరి వచ్చాక వరండా నిండా దండేలు కట్టి ఆ ఫారాలు ఆరేశాం. పక్కన పరేడ్ మైదానంలో బ్యాండు వాయిస్తుంటే ఆవిడ వాటి మధ్య తిరుగుతూ ఆరినవి ఆరినట్టే చదివేవారు. రెండో రోజు రెండు ఫారాలు చేతిలో పట్టుకుని నా టేబులు దగ్గరికి వచ్చారు.

"ఇది ఇవతలి ఊరి మంత్రసానితో మాట్లాడి నేను రాసుకున్నది. పోయిన నెల పాయ దాటి దిబ్బ మీదికి పోయి కాన్పు చేసొచ్చానంది. ఇది నువ్వు రాసింది." రెండూ పక్కపక్కన పెట్టారు. "ఎవరూ లేని దిబ్బ మీద కాన్పు ఎవరికైందమ్మా?"

 ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. వెళ్లిపొమ్మంటారనుకున్నాను. "వెళ్లావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. జ్వరం సంగతి చెప్పాను, బురద సంగతి చెప్పాను, కోటేశ్వరరావు సంగతి చెప్పాను. అన్నీ విని, "రేపటి బండికి టికెట్లు దొరుకుతాయేమో చూసిరా" అన్నారు. పన్నెండు రోజులు ఎండలో తిరిగి వచ్చి రెండు రోజులు కాలేదు. ఆవిడకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. "ఒక్క దిబ్బ కోసం మళ్లీ అంత దూరమా మేడమ్? ఫారం కొట్టేస్తే సరిపోతుంది కదా" అన్నాను. "కొట్టేస్తే వాళ్లు ఉన్నట్టా, లేనట్టా?" అన్నారు. సికింద్రాబాద్ స్టేషన్‌కు టికెట్ల కోసం వెళుతూ దారి పొడవునా ఆవిడను తిట్టుకున్నాను.

దిబ్బ మీద పద్దెనిమిది ఇళ్లున్నాయి. ఇళ్లంటే తాటాకులు, పాత వలలు, కొట్టుకొచ్చిన రేకులు కలిపి నిలబెట్టినవి. పీతలు పట్టి బతికేవాళ్లు. రేషను ఒక పంచాయతీలో, ఓటు ఇంకో పంచాయతీలో. వీళ్లు ఇంకో సంస్థ కిందికి వస్తారని ఒక సంస్థ అనుకుంది, ఆ సంస్థేమో ఈ సంస్థ కిందికే వస్తారనుకుంది. ఏడాదిపాటు మంచినీళ్ల ట్యాంకరు రోజూ ఇవతలి రేవు దాకా వచ్చి, అక్కడి ఊరికి ఇంటికో బిందె పోసి వెళ్లిపోయేది. వీళ్లు పడవేసుకుని వచ్చేసరికి అడుగు నీళ్లు మిగిలితే మిగిలినట్టు. నాగూరమ్మ అని ఒకావిడ మాకు పీట వేసింది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఆమె కోడలే ఆ కాన్పైన మనిషి. మోకాళ్ల దాకా బురదతో మేడమ్ ఆ పీట మీద కూర్చుని, నేను నోరు తెరిచేలోగానే అన్నారు.

"అమ్మా, ఇక్కడ ఎవరూ లేరని మేం కాగితం మీద రాశాం. చూడకుండా రాశాం. తప్పు మాదే."

నాగూరమ్మ నవ్వింది. "మీరొక్కరే కాదులెండి. తుఫాను పోయాక ఎవరొచ్చినా ఆ రేవు మీద నుంచి చూసి పోయారు. మీరు బురదలో దిగారు, అదే చాల్లెండి" అంది. కొంచెం ఆగి, "ఇప్పుడు ఉన్నామని రాస్తారు కదా. ఏ కాగితం పైకి పోద్దమ్మా? లేరన్నదా, ఉన్నారన్నదా?" అని అడిగింది. మేడమ్ ఆ ప్రశ్నను కూడా ఫారం మీద రాసుకున్నారు. 

రెండు నెలలు పట్టింది రిపోర్టు రాయడానికి. నిజం చెప్పాలంటే అది మంచి రిపోర్టు. బకెట్ల సంగతి, ఉప్పు పంపుల సంగతి, ఐదు సంస్థలూ ఒకరి పని ఒకరు చూసుకోకపోవడం, సరిహద్దుల్లో పడిపోయిన మనుషుల సంగతి, అన్నీ ఎవరినీ నొప్పించకుండా, ఎక్కడా దాచకుండా రాశారు. ఏమేం మార్చుకుంటే రాబోయే రెండో విడత సాయంలో నీళ్లు ఇవ్వవచ్చో ఊరూరికీ రాశారు. అది టైపు చేసి తెచ్చే పని నాది. దిబ్బ గురించిన పేజీ చదువుతుంటే చివర ఒక వాక్యం కనిపించింది. 'ఈ దిబ్బ మీద ఎవరూ లేరని మొదట మా బృందం కూడా అక్కడికి వెళ్లకుండానే నమోదు చేసింది.' కాగితం పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్లాను.

"ఏంది మేడమ్ ఇది?" ఎప్పుడూ ఆవిడ ముందు జాగ్రత్తగా మాట్లాడే నేను, మా చిలకలగూడ మాటలోకి దిగిపోయాను. "మళ్లీ పోయినం కదా. దిద్దుకున్నం కదా. ఇంక రాసుడెందుకు?"

"నీ పేరు రాయలేదమ్మా."

"నా పేరు కాదు మేడమ్. వాళ్లు దీన్నే పట్టుకుంటరు. మిగతాదంతా పక్కన పెట్టి ఈ ఒక్క లైనే చదువుతరు."

"చదవనీ. వాళ్లు వెళ్లకుండా రాశారని మనం అంటున్నాం. మనమూ అదే చేశామని చెప్పకుండా ఎలా అంటాం?"

వారంపాటు ఆవిడతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆవిడ అది గమనించినట్టు కూడా లేదు. అదొక చిరాకు. ఈలోగా ముసాయిదా చదివిన సుధాకర్ గారు తిరుమలగిరి వచ్చాడు. చెప్పులు విప్పి, ముందు గదిలో కూర్చున్నాడు. "మేడమ్, మీరు రాసినవి తప్పని నేను అంటలేను. కాని గిది పైకి పోతే రెండో విడత ఆగిపోతది. ఆగిపోతే తక్లీఫ్ ఎవరికి? నాకు గాదు. ఆ ఊర్లోళ్లకే. జెర మెత్తగ రాయున్రి" అన్నాడు. అతని గొంతులో బెదిరింపు లేదు. భయం ఉంది. మేడమ్ అతనికి మంచినీళ్లిచ్చి, ఊళ్ల గురించి రాసిన ఒక్కో పేరా చదివి వినిపించి, ఇందులో ఏది నిజం కాదో చెప్పమన్నారు. ప్రతిదానికీ తల వంచుకునే 'నిజమే' అన్నాడు. దిబ్బ పేజీ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలెత్తి, "ఇది మీరే రాసుకున్నరా?" అన్నాడు ఆశ్చర్యంగా. నేను లోపలికి వెళ్లిపోయాను.

నేను భయపడినట్టే జరిగింది. నేరేడ్‌మెట్‌లో చివరి మీటింగు. దాతల తరఫున ఒకాయన వచ్చాడు. ఐదు సంస్థల పెద్దల్లో ఒకరు లేచి, మేడమ్ రిపోర్టు తెరిచి ఆ ఒక్క వాక్యమే పైకి చదివాడు. "మనుషులున్నారో లేరో చూడకుండా రాశామని వీళ్లే ఒప్పుకుంటున్నారు. మిగతా ఊళ్లకు మాత్రం వెళ్లారని నమ్మకమేమిటి?" అన్నాడు. ముద్రల వరస మీద గంటన్నర కొట్టుకున్న ఆ ఐదుగురూ ఆ క్షణంలో ఒక్క మాట మీద నిలబడ్డారు. మేడమ్ లేచి జరిగింది జరిగినట్టు చెప్పారు. మళ్లీ వెళ్లామన్నారు, ఫారాలన్నీ ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చన్నారు. ఎవరూ చూసుకోలేదు. రిపోర్టును 'మరింత పరిశీలన కోసం' పక్కన పెడుతున్నామన్నారు. బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడి ఉండగా నాకు ఏడుపు ఆగలేదు. "చెప్పిన కదా మేడమ్" అన్నాను. "చెప్పావమ్మా" అన్నారు. అంతే. ఆ తర్వాత చాలా కాలం సంస్థలవాళ్లెవరూ ఆవిడను పనికి పిలవలేదు.

అయితే ఆవిడ అక్కడితో వదల్లేదు. ఆ రిపోర్టును మామూలు తెలుగులోకి తిరగరాసి, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి చదివి వినిపించారు. ఎవరూ అడగలేదు, ఎవరూ పంపలేదు. "వాళ్లు చెప్పింది మనం ఎలా రాశామో వాళ్లకు తెలియొద్దూ?" అన్నారు. బడి అరుగుల మీద, చేపలు ఆరబెట్టే చోట్ల, ఆ దిబ్బ మీద. జనం మధ్యలో ఆపి దిద్దేవారు. అక్కడ పంపు వేసింది బడి దగ్గర కాదు, చర్చి దగ్గర అని ఒకరు. ఆవిడ పెన్సిలుతో దిద్దుకునేవారు. పక్కన పెట్టేసిన రిపోర్టును దిద్దడం ఎందుకో నాకు అంతుబట్టలేదు. నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం సుధాకర్ గారు ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను. "మేడమ్‌కు చెప్పు. ఆ పద్దెనిమిది ఇండ్లను లిస్టుల ఎక్కించిన. పడవ మీద నీళ్లు పోతున్నయి. నేను పోయి చూసిన. గీ మాట యాడ రాయొద్దని కూడ చెప్పు" అన్నాడు. మేడమ్ విని, "తను వెళ్లి చూశాడా?" అని రెండుసార్లు అడిగారు. ఆ రోజంతా ఆవిడ ముఖంలో అదొక వెలుగు. నాకు మాత్రం, మిగతా ఊళ్ల సంగతేమిటన్నదే దిగులు. ఆ ఊళ్లకు తియ్యటి నీళ్లు అందడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. రెండో విడతలో కూడా ఐదు సంస్థలూ బకెట్లు పంచాయి.

నేను ఆవిడ దగ్గర ఆరేళ్లు పనిచేసి, వేరే సంస్థలో చేరాను. మానేస్తున్నానని చెప్పినప్పుడు కూడా అభినందించకుండా, నా చివరి ఫారంలో కొట్టివేతలు శుభ్రంగా లేవన్నారు. తర్వాత కొన్నేళ్లకు ఆవిడకు బాగా జబ్బు చేసిందని తెలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. చర్చి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పాట పాడి వెళ్లిపోయారు. ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చున్నారు. చాలా చిక్కిపోయారు. ఏవేవో మాట్లాడుకున్నాక, ఇన్నేళ్లుగా నోట్లో నానుతున్నది అడిగేశాను.

"మేడమ్, ఆ వాక్యం తీసేసి ఉంటే ఏమయ్యేది?"

ఏ వాక్యమని అడగలేదు. 

"రిపోర్టు ఒప్పుకునేవాళ్లు. ఆ ఊళ్లకు రెండేళ్ల ముందే నీళ్లొచ్చేవేమో."

"మరి?"

"అప్పుడు నాకు గట్టిగా తెలుసనుకున్నానమ్మా, అదే సరైందని. ఇప్పుడు అంత గట్టిగా తెలియదు. ఆ ముసలావిడ బకెట్లు గుర్తొస్తాయి." కాస్త ఊపిరి తీసుకున్నారు. "అయినా ఇవాళ మళ్లీ రాయమంటే మళ్లీ అలాగే రాస్తాను. అందుకే నా మీద నాకు విసుగు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వారు. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఒకే విషయానికి నవ్వింది అదొక్కసారే అనుకుంటాను. ఆ చలికాలమే ఆవిడ పోయారు. సమాధి దగ్గర సుధాకర్ గారు కనిపించాడు, జుట్టంతా తెల్లబడింది. "మస్తు పరేషాన్ చేసిన్రు మేడమ్ మనల్ని" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. అవునన్నాను.

ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను, ఇంకొందరితో కలిసి. పోయినేడు ఒక వరద సహాయం మీద రిపోర్టు రాస్తుంటే, ఒక కాలనీలో తాళాలు వేసి ఉన్న ఇళ్లను మేం ఖాళీ ఇళ్లుగా లెక్కవేసినట్టు చివర్లో తేలింది. జనం కూలికి వెళ్లే వేళలో మేం వెళ్లాం. మళ్లీ సాయంత్రం పూట వెళ్లి సరిచేసుకున్నాం. ముసాయిదా చదివిన నా సహోద్యోగి హరిణి, ముప్పై ఏళ్ల మనిషి, మంచి పనిమంతురాలు, కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఆ తప్పు ఒప్పుకుంటూ నేను రాసిన వాక్యం కింద ఎర్రగీత. "దిద్దుకున్నాం కదా మేడమ్. ఈ లైన్ అవసరమా? దీన్ని పట్టుకుని మొత్తం తిప్పికొడతారు" అంది. ఆమె గొంతులోని కోపం నాకు బాగా తెలుసు. మార్తా మేడమ్ గురించి, దిబ్బ గురించి చెబుదామని నోరు తెరిచాను. కానీ ఆ కథ విన్నా ఆమె అడిగినదానికి జవాబు దొరకదు. నాకే దొరకలేదు.

"నువ్వన్నది నిజమే. తిప్పికొట్టొచ్చు" అన్నాను. "అయినా ఉంచు."

"ఎందుకు?"

"నాకూ గట్టిగా తెలియదు."

హరిణి నావైపు ఒక చూపు చూసి, కుర్చీ విసురుగా జరిపి వెళ్లిపోయింది. నేను ఆ వాక్యం మరోసారి చదివాను. అందులో ఒక అక్షరం తప్పుపడి ఉంటే దిద్ది, పేజీ తిప్పాను.